పాత గేమ్ కన్సోళ్ళలోని వీడియో ఫైలు ఫార్మాట్లు

పాత గేమ్ కన్సోళ్ళలోని వీడియో ఫైలు ఫార్మాట్లు అనగా 1990వ దశకంలోను, 2000వ దశకపు తొలి సంవత్సరాలలోను వెలువడిన వీడియో గేమ్ యంత్రాలలో, ముందుగా తయారుచేసిన చలనచిత్ర భాగాలను డిస్కు లేదా కార్ట్రిడ్జి మీద భద్రపరచడానికి వాడిన పద్ధతులు. గేము ఆరంభంలోను, ఘట్టానికీ ఘట్టానికీ మధ్యలోను, ముగింపులోను కనిపించే కథా దృశ్యాలు ఈ ఫైళ్ళలోనే ఉంటాయి. సెగా శాటర్న్ యొక్క ఫిల్మ్, సోనీ ప్లేస్టేషన్ యొక్క ఎస్‌టిఆర్, డ్రీమ్‌కాస్ట్ యొక్క ఎస్‌ఎఫ్‌డి, ప్లేస్టేషన్ 2 యొక్క పిఎస్‌ఎస్, గేమ్‌క్యూబ్ యొక్క టిహెచ్‌పి, అనేక యంత్రాలపై నడచిన బింక్ వీటిలో ముఖ్యమైనవి.

ఈ ఫార్మాట్లు ఒకదానితో ఒకటి పోలవు. డిస్కు ఎంత వేగంగా చదవగలదు, ప్రాసెసరు ఎంత లెక్క చేయగలదు, జ్ఞాపకశక్తి ఎంత అనే మూడు పరిమితులకు లోబడి ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క ఫార్మాటు రూపుదిద్దుకున్నది. వీటిలో చాలావాటి వివరాలను తయారీదారులు బహిరంగంగా ప్రచురించలేదు. అందువలన ఆ యంత్రాలు మూలపడిన తరువాత వాటిలోని దృశ్యాలను చూడగలగడం, ఆ ఫార్మాట్ల నిర్మాణాన్ని ఎవరో ఒకరు గ్రహించి వ్రాసిపెట్టడం మీదనే ఆధారపడి ఉన్నది.

పరిభాష

వీడియో ఫైలును అర్థం చేసుకోవడానికి రెండు మాటల మధ్య భేదం తెలియాలి. కోడెక్ అనగా బొమ్మలను, ధ్వనిని కుదించి, తిరిగి విప్పే పద్ధతి. కంటైనర్ అనగా అలా కుదించిన బొమ్మలను, ధ్వనిని ఏ వరుసలో, ఏ గుర్తులతో ఒకచోట పేర్చాలో తెలిపే అమరిక. తపాలా కవరు కంటైనర్ వంటిది, లోపలి ఉత్తరం వ్రాసిన భాష కోడెక్ వంటిది. కవరు విప్పడం వచ్చినంత మాత్రాన ఉత్తరం చదవడం రాదు. భాష తెలిసినా, కవరు ఎక్కడ చింపాలో తెలియకపోతే ఉత్తరం చేతికి రాదు. పాత గేముల వీడియోలలో ఈ రెండు చిక్కులూ ఎదురవుతాయి.

చలనచిత్రంలోని ఒక్కొక్క నిశ్చల చిత్రాన్ని ఫ్రేము అంటారు. బొమ్మలోని అతి చిన్న చుక్కను పిక్సెల్ అంటారు. సిడి మీద సమాచారాన్ని వ్రాసే అతి చిన్న ఖండాన్ని సెక్టారు అంటారు.

చారిత్రక నేపథ్యం

గేములలో చిత్రీకరించిన దృశ్యాల వాడకం సిడి కంటే ముందే ఆరంభమైనది. 1983లో వచ్చిన డ్రాగన్స్ లెయిర్ అనే ఆర్కేడ్ గేము లేజర్ డిస్కును ఉపయోగించింది. డాన్ బ్లూత్ ఆధ్వర్యంలో చిత్రించిన యానిమేషన్ అందులో ఉన్నది. అయితే లేజర్ డిస్కులోని బొమ్మ అనలాగ్ సంకేతం కనుక అక్కడ ఫైలు అనే ప్రసక్తి లేదు.

ఇళ్ళలో వాడే కన్సోళ్ళకు సిడి పరికరం మొదట 1988లో జపానులో పిసి ఇంజిన్‌కు అనుబంధంగా వచ్చినది. 1991లో జపానులోను, 1992లో ఉత్తర అమెరికాలోను సెగా సంస్థ తన మెగా డ్రైవ్ యంత్రానికి సిడి అనుబంధాన్ని విడుదల చేసినది. అంతవరకు కార్ట్రిడ్జిలో కొద్ది మెగాబైట్లు మాత్రమే అందుబాటులో ఉండగా, సిడి వలన ఒక్కసారిగా 650 మెగాబైట్ల చోటు లభించినది. ఆ చోటును నింపడానికి నిర్మాతలకు తోచిన ముఖ్య మార్గం వీడియో.

సెగా సిడి మీద 1992లో వచ్చిన నైట్ ట్రాప్ ఇందుకు ఉదాహరణ. దాని దృశ్యాలను 1987లోనే వీడియో టేపు ఆధారంగా పనిచేయవలసిన మరొక కన్సోల్ కోసం చిత్రీకరించారు. ఆ యంత్రం మార్కెట్టుకు రాలేదు. తరువాత అవే దృశ్యాలను సిడికి అనువుగా కుదించారు. మెగా డ్రైవ్ ఒకేసారి తెరపై 64 రంగులను మాత్రమే, అదీ 512 రంగుల నుండి ఎంచుకొని, చూపగలదు. అందువలన నటీనటుల ముఖాలు మచ్చలు మచ్చలుగా, చిన్న చట్రంలో కనిపించేవి. 1993 డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణలో ఈ గేము చర్చకు వచ్చినది. 1994లో అక్కడ గేములకు వయోవర్గీకరణ సంస్థ ఏర్పడటానికి దారితీసిన పరిణామాలలో ఇదొకటి.

1993లో 3డిఒ, 1994 చివరలో జపానులో శాటర్న్, ప్లేస్టేషన్, పిసి-ఎఫ్‌ఎక్స్ యంత్రాలు విడుదల అయినవి. వీటన్నింటికీ సిడి అనుబంధంగా కాక ప్రధాన మాధ్యమంగానే ఉన్నది. ఈ లేఖనంలో వివరించే ఫార్మాట్లలో అధిక భాగం అప్పటి నుండి వ్యాప్తిలోకి వచ్చినవే.

సమస్య పరిమాణం

ఆనాటి ఇబ్బందిని చిన్న లెక్కతో గ్రహించవచ్చును. 320 పిక్సెళ్ళ వెడల్పు, 240 పిక్సెళ్ళ ఎత్తు గల బొమ్మలో 76,800 పిక్సెళ్ళు ఉంటాయి. పిక్సెలుకు 3 బైట్ల వంతున ఒక ఫ్రేముకు 2,30,400 బైట్లు కావాలి. సెకనుకు 15 ఫ్రేముల చొప్పున చూపాలంటే సెకనుకు 34,56,000 బైట్లు కావలసి ఉంటుంది.

ఒక రెట్టు వేగపు సిడి పరికరం సెకనుకు 75 సెక్టార్లను, అనగా 1,53,600 బైట్ల సాధారణ సమాచారాన్ని, చదవగలదు. రెండు రెట్ల వేగంతో ఇది 3,07,200 బైట్లు. కావలసిన దానిలో ఇది పదకొండవ వంతు కూడా కాదు. కుదించకుండా వ్రాస్తే 650 మెగాబైట్ల సిడి మొత్తం సుమారు 3 నిమిషాల 17 సెకన్ల వీడియోతో నిండిపోతుంది. పైగా ఈ లెక్కలో ధ్వని లేదు.

ఇదే కాలంలో మన దేశంలో ఇంటింటా వాడిన వీడియో సిడి (విసిడి) ఈ సమస్యను ఎంపెగ్-1 పద్ధతితో పరిష్కరించినది. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాలు పట్టేవి కనుక తెలుగు సినిమాలు రెండు లేదా మూడు విసిడిలుగా వచ్చేవి. విసిడి ప్లేయరులో ఎంపెగ్‌ను విప్పడానికే ప్రత్యేకమైన చిప్ ఉండేది. ఆనాటి గేమ్ కన్సోళ్ళలో అటువంటి చిప్ సాధారణంగా ఉండేది కాదు. శాటర్న్‌కు ఎంపెగ్ కార్డును విడిగా కొనుక్కోవలసి వచ్చేది. అందరి వద్దా అది ఉండదు కనుక గేము నిర్మాతలు దాని మీద ఆధారపడలేకపోయారు. ఎంపెగ్ కంటే తేలికగా విప్పగల పద్ధతులు అవసరమైనవి.

సినెప్యాక్, ఫిల్మ్ ఫైళ్ళు

సినెప్యాక్ కోడెక్‌ను సూపర్‌మ్యాక్ టెక్నాలజీస్ సంస్థలో పీటర్ బారెట్ రూపొందించారు. ఇది 1991లో వెలువడినది. మొదట ఆపిల్ కంప్యూటర్లలోని క్విక్‌టైమ్‌లోను, తరువాత విండోస్‌లోను ప్రచారం పొందినది. సెగా సిడి, 3డిఒ, శాటర్న్, అటారీ జాగ్వార్ సిడి యంత్రాల గేములలోను దీనిని వాడారు.

దీని వెనుక ఉన్న సూత్రాన్ని వెక్టర్ క్వాంటైజేషన్ అంటారు. పాతకాలపు అచ్చుకూటంలో కంపోజిటరు గళ్ళపెట్టె నుండి అవసరమైన అక్షరాలను ఏరి పుట కూర్చేవాడు. పుట ఎంత పెద్దదైనా పెట్టెలోని అక్షరాల రకాలు పరిమితమే. అదే విధంగా సినెప్యాక్ ప్రతి బొమ్మను 4 వరుసలు, 4 నిలువుల పిక్సెళ్ళ గళ్ళుగా విభజిస్తుంది. తరచు వచ్చే చిన్న చిన్న నమూనాలను 256కు మించకుండా ఒక పట్టికలో ఉంచుతుంది. ఆ పైన ప్రతి గడికీ పట్టికలోని నమూనా సంఖ్యను మాత్రమే వ్రాస్తుంది.

ఒక గడిలో 16 పిక్సెళ్ళు, అనగా కుదించకముందు 48 బైట్లు ఉంటాయి. ఆ గడిలో పెద్దగా వివరాలు లేకపోతే, ఉదాహరణకు ఆకాశం లేదా గోడ అయితే, ఒక్క బైటుతో సరిపుచ్చుతారు. కన్ను, పెదవి వంటి వివరాలున్న చోట 4 బైట్లు వాడతారు. వెనుకటి ఫ్రేము కంటే మారని గడిని వ్రాయకుండా వదలివేయవచ్చును. 320×240 బొమ్మలో ఇటువంటి గళ్ళు 4,800 ఉంటాయి.

ఈ పద్ధతిలో కుదించడం చాలా కష్టం. మంచి నమూనాల పట్టికను ఎన్నుకోవడానికి ఆనాటి కంప్యూటర్లకు గంటల కొద్దీ సమయం పట్టేది. విప్పడం మాత్రం అతి సులభం. సంఖ్యను చూసి పట్టికలోని నమూనాను తెరమీద పెట్టడమే పని. రంగుల మార్పిడికి సైతం గుణకారం అవసరం లేకుండా, కూడికలు, తీసివేతలు, రెట్టింపు చేయడం, సగం చేయడం మాత్రమే సరిపోయేలా రూపకర్తలు జాగ్రత్త పడ్డారు. కుదించే పని నిర్మాత కార్యాలయంలో ఒక్కసారే జరుగుతుంది. విప్పే పని లక్షల ఇళ్ళలో, అప్పటికప్పుడు జరగాలి. ఆ కష్టాన్ని ఇంటివైపు నుండి కార్యాలయం వైపుకు మళ్ళించడమే ఈ కోడెక్ విజయ రహస్యం.

శాటర్న్‌లో సినెప్యాక్ బొమ్మలను ఫిల్మ్ అనే కంటైనర్‌లో ఉంచేవారు. ఫైలు ఆరంభంలో ఫిల్మ్ అనే నాలుగక్షరాల రోమన్ గుర్తు, ఆ తరువాత బొమ్మ కొలతలు, ధ్వని వివరాలు, పిమ్మట ప్రతి ఫ్రేము ఫైలులో ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టిక ఉంటాయి. ఈ కంటైనర్‌లో రెండు విశేషాలు కలవు. మొదటిది, స్టీరియో ధ్వనిలో కుడి, ఎడమ నమూనాలు ఒకటి విడిచి ఒకటిగా కాక, ప్రతి ఖండంలోను ముందు ఎడమవైపు ధ్వని అంతా, తరువాత కుడివైపు ధ్వని అంతా ఉంటుంది. రెండవది, ఫ్రేము శీర్షికలో సాధారణ సినెప్యాక్‌లో లేని కొన్ని బైట్లు అదనంగా ఉంటాయి. ఈ చిన్న తేడా తెలియని ప్లేయరు, సినెప్యాక్ తెలిసినదే అయినా, బొమ్మను సరిగా చూపలేదు.

ప్లేస్టేషన్ ఎస్‌టిఆర్

సోనీ సంస్థ వేరొక మార్గం ఎన్నుకొన్నది. 1994 డిసెంబరులో జపానులో విడుదలైన ప్లేస్టేషన్‌లో ఎండెక్ అనే ప్రత్యేక విభాగాన్ని అమర్చారు. ఇది 16×16 పిక్సెళ్ళ గళ్ళను జెపెగ్ బొమ్మలలో వాడే గణిత పద్ధతితోనే విప్పుతుంది. పనిని రెండుగా పంచారు. కుదించిన సంకేతాలను మొదట విడదీయడం ప్రధాన ప్రాసెసరు వంతు. ఆ పైన వచ్చే భారీ లెక్కలు, రంగుల మార్పిడి ఎండెక్ వంతు.

ఎంపెగ్‌కు, దీనికి ఒక ముఖ్యమైన తేడా కలదు. ఎంపెగ్‌లో అనేక ఫ్రేములు వెనుకటి ఫ్రేము మీద ఆధారపడతాయి. కదలిన భాగం ఎటు కదిలిందో మాత్రమే వాటిలో వ్రాసి ఉంటుంది. ఎస్‌టిఆర్‌లో ప్రతి ఫ్రేమూ తనంతట తాను సంపూర్ణమైన బొమ్మ. దీనివలన ఎక్కువ చోటు పడుతుంది. అయితే వెనుకటి ఫ్రేమును గుర్తుంచుకోనక్కరలేదు. డిస్కు మీద గీత పడి ఒక ఫ్రేము చెడినా తరువాతి ఫ్రేము చక్కగా కనిపిస్తుంది. ప్లేస్టేషన్ ప్రధాన జ్ఞాపకశక్తి 2 మెగాబైట్లు మాత్రమే కనుక ఇది అవసరమైన పొదుపు.

ఎస్‌టిఆర్ నిర్మాణం డిస్కుతో విడదీయరానిది. సిడి మీద ఒక సెక్టారులో మొత్తం 2,352 బైట్లు ఉంటాయి. సాధారణ సమాచారానికి అందులో 2,048 బైట్లు వాడి, మిగిలిన దానిలో అధిక భాగాన్ని తప్పులు సరిదిద్దే సంకేతాలకు కేటాయిస్తారు. ధ్వనిలో చిన్న తప్పు దొర్లినా చెవికి తెలియదు కనుక, ధ్వని సెక్టార్లలో ఆ సరిదిద్దే సంకేతాలను తీసివేసి 2,324 బైట్ల వరకు వాడుకోవచ్చును. సిడి-రామ్ ఎక్స్‌ఎ అనే ప్రమాణం ఈ రెండు రకాల సెక్టార్లనూ ఒకే ఫైలులో కలిపి పేర్చడానికి అనుమతిస్తుంది. జడను అల్లినట్లు బొమ్మ సెక్టార్ల మధ్య ధ్వని సెక్టార్లు వస్తాయి. 37.8 కిలోహెర్ట్జ్ స్టీరియో ధ్వనికి, రెండు రెట్ల వేగంలో, ప్రతి 8 సెక్టార్లలో ఒకటి ధ్వనిది. మిగిలిన ఏడూ బొమ్మవి.

రెండు రెట్ల వేగంలో సెకనుకు 150 సెక్టార్లు వస్తాయి. ధ్వని పోగా బొమ్మకు మిగిలేవి 131 పైచిలుకు. సెకనుకు 15 ఫ్రేములైతే ఒక్కొక్క ఫ్రేముకు సగటున 8.75 సెక్టార్లు లభిస్తాయి. ప్రతి బొమ్మ సెక్టారులోను 32 బైట్లు శీర్షికకు పోగా 2,016 బైట్లు మిగులుతాయి. అంటే ఒక ఫ్రేము సగటున 17,640 బైట్లలో ఇమడాలి. ఇది కుదించని ఫ్రేములో సుమారు 13వ వంతు. 320×240 బొమ్మను సెకనుకు 30 ఫ్రేముల వరకు విప్పగల శక్తి ఎండెక్‌కు ఉన్నప్పటికీ, అనేక గేములు 15 ఫ్రేములతోనే సరిపెట్టుకోవడానికి కారణం ఈ డిస్కు వేగమే.

ప్లేస్టేషన్ గేము దృశ్యాలను 15 బిట్ల రంగులలో గీస్తుంది. వీడియోను మాత్రం 24 బిట్ల రంగులలో చూపగలదు. ఆనాటి ఆటగాళ్ళకు కథా దృశ్యాలు మిగిలిన గేము కంటే మృదువుగా కనిపించడానికి ఇది ఒక కారణం. 1997లో జపానులో విడుదలైన ఫైనల్ ఫాంటసీ 7 మూడు డిస్కులలో వచ్చినది. గేముకు మూలమైన సమాచారం మూడింటిలోను చాలావరకు ఒకటే. డిస్కుల మధ్య ప్రధానమైన తేడా వీడియోలే. ఈ గేములో కొన్నిచోట్ల వీడియో నడుస్తుండగానే దాని మీద పాత్రల బొమ్మలను యంత్రం అప్పటికప్పుడు గీస్తుంది.

కార్ట్రిడ్జి యంత్రాలలో వీడియో

1996లో వచ్చిన నింటెండో 64 సిడిని స్వీకరించలేదు. కార్ట్రిడ్జి నుండి సమాచారం వేగంగా వస్తుంది కాని చోటు స్వల్పం. శాటర్న్, ప్లేస్టేషన్ యంత్రాలకు అడ్డుగా ఉన్నది డిస్కు వేగం కాగా, ఇక్కడ అడ్డుగా ఉన్నది పరిమాణం. అందువలన ఈ యంత్రంపై వీడియో అరుదు. దీనికి పేరుపొందిన మినహాయింపు 1999లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2. ప్లేస్టేషన్‌లో రెండు సిడిలలో ఉన్న ఈ గేమును ఏంజెల్ స్టూడియోస్ బృందం వీడియోలతో సహా 64 మెగాబైట్ల కార్ట్రిడ్జిలో ఇమిడ్చినది. వీడియోను విప్పే పనికి ప్రధాన ప్రాసెసరుతో పాటు త్రిమితీయ చిత్రాలను, ధ్వనిని లెక్కకట్టడానికి ఉద్దేశించిన సహాయక ప్రాసెసరును కూడా వినియోగించారు.

2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం కార్టూను ధారావాహికల భాగాలు గల కార్ట్రిడ్జిలు అమెరికాలో అమ్మకానికి వచ్చినవి. వాటిలో గేము ఉండదు, వీడియో మాత్రమే ఉంటుంది. ఆ యంత్రం తెర 240×160 పిక్సెళ్ళు. ఆ బొమ్మను టీవీ మీద చూపే అనుబంధ పరికరంలో నకలు తీయకుండా ఉండేందుకు ఈ కార్ట్రిడ్జిలు పనిచేయకుండా కట్టడి చేశారు.

డివిడి కాలపు ఫార్మాట్లు

1998లో జపానులో విడుదలైన డ్రీమ్‌కాస్ట్ సుమారు 1 గిగాబైటు పట్టే ప్రత్యేకమైన డిస్కును వాడినది. దాని ప్రాసెసరు 200 మెగాహెర్ట్జ్ వేగంతో, ప్రత్యేక చిప్ లేకుండానే ఎంపెగ్-1 వీడియోను విప్పగలిగినది. ఇందుకై సిఆర్‌ఐ సంస్థ రూపొందించిన సాఫ్‌డెక్ అనే సాఫ్ట్‌వేరును అనేక గేములలో వాడారు. ఎస్‌ఎఫ్‌డి ఫైలులో బొమ్మ ఎంపెగ్-1 కాగా, ధ్వని ఎడిఎక్స్ అనే సిఆర్‌ఐ వారి సొంత పద్ధతిలో ఉంటుంది. సోనిక్ అడ్వెంచర్ గేములోని వీడియోలు ఈ విధమైనవే.

2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2లో ఐపియు అనే విభాగం ఎంపెగ్-2 గళ్ళను విప్పుతుంది. కదలికను బట్టి వెనుకటి ఫ్రేము నుండి గళ్ళను తెచ్చి కలిపే పని ప్రధాన ప్రాసెసరుది. ఎండెక్ కాలంలో పనిని పంచిన తీరే ఇక్కడ మరింత విస్తరించినది. ఈ యంత్రపు పిఎస్‌ఎస్ ఫైలు చూడటానికి సాధారణ ఎంపెగ్-2 ఫైలు వలె ఉంటుంది. ధ్వని మాత్రం యంత్రానికి సొంతమైన రూపంలో, ప్రైవేటు ప్రవాహంగా ఉంటుంది. ఈ కారణంగా ఎస్‌ఎఫ్‌డి, పిఎస్‌ఎస్ ఫైళ్ళను సాధారణ ప్లేయరులో తెరిస్తే బొమ్మ కనిపించి, శబ్దం వినిపించకపోవడం తరచు జరుగుతుంది. ఫైలు చెడిపోయినదని అప్పుడు భావించరాదు.

2001లో వచ్చిన గేమ్‌క్యూబ్ సుమారు 1.5 గిగాబైట్ల చిన్న డిస్కును వాడినది. దీని టిహెచ్‌పి ఫైలులో ప్రతి ఫ్రేమూ ఒక జెపెగ్ బొమ్మ. అయితే జెపెగ్ ప్రమాణం ప్రకారం కొన్ని విలువల తరువాత తప్పక చేర్చవలసిన అదనపు సున్నా బైట్లను ఇందులో తొలగించారు. వాటిని తిరిగి చేర్చనిదే సాధారణ జెపెగ్ సాఫ్ట్‌వేరు ఈ బొమ్మలను తెరవలేదు. తరువాతి యంత్రమైన వీ మీద కూడా ఈ ఫార్మాటు కొనసాగినది. అదే 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌లో విండోస్ మీడియా వీడియో ఆధారంగా తయారైన ఎక్స్‌ఎంవి ఫైళ్ళు కలవు.

స్వతంత్ర సంస్థల ఫార్మాట్లు

ఒకే గేమును మూడు నాలుగు యంత్రాలకు విడుదల చేసే నిర్మాతలకు యంత్రానికొక ఫార్మాటు భారమైనది. ఈ అవసరాన్ని కొన్ని స్వతంత్ర సంస్థలు తీర్చినవి.

రాడ్ గేమ్ టూల్స్ సంస్థ 1994లో స్మాకర్‌ను, 1999లో బింక్‌ను విడుదల చేసినది. స్మాకర్ 256 రంగుల బొమ్మలకు ఉద్దేశించినది. బింక్ పూర్తి రంగుల బొమ్మలకు అనువైనది. ఒకే బొమ్మలో వేర్వేరు గళ్ళకు వేర్వేరు కుదింపు పద్ధతులను ఎంచుకోవడం దీని ప్రత్యేకత. ప్లేస్టేషన్ 2, గేమ్‌క్యూబ్, ఎక్స్‌బాక్స్ మూడింటి మీదా బింక్ పనిచేసేది. 2021లో ఎపిక్ గేమ్స్ సంస్థ రాడ్‌ను కొనుగోలు చేసినది.

డక్ కార్పొరేషన్ వారి ట్రూమోషన్‌ను శాటర్న్ మీద కొన్ని గేములలో వాడారు. ఫైనల్ ఫాంటసీ 7 కంప్యూటర్ ప్రతిలోను (1998) ఇదే కోడెక్ ఉన్నది. ఈ సంస్థ తరువాత ఆన్2 అని పేరు మార్చుకొని, విపి శ్రేణి కోడెక్‌లను తయారుచేసినది. 2010లో గూగుల్ దీనిని కొనుగోలు చేసి, అదే ఏడాది విపి8 కోడెక్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేసినది. వెబ్ పుటలలో కనిపించే వెబ్‌ఎం వీడియోలకు ఈ విధంగా పాత గేముల కోడెక్‌తో బంధుత్వం కలదు.

రోక్ అనే ఫార్మాటు ట్రైలోబైట్ సంస్థ వారి ది 11త్ అవర్ (1995) అనే కంప్యూటర్ గేము కోసం పుట్టినది. తరువాత ఐడి సాఫ్ట్‌వేర్ వారు క్వేక్ 3 (1999)లో దీనిని వాడారు. సినెప్యాక్ వలెనే ఇది నమూనాల పట్టికపై ఆధారపడుతుంది. కదలికను గుర్తించే ఏర్పాటు ఇందులో అదనం.

సంగ్రహం

* సెగా శాటర్న్ (1994): ఫిల్మ్ కంటైనర్, బొమ్మ సినెప్యాక్, ధ్వని కుదించనిది.
* సోనీ ప్లేస్టేషన్ (1994): ఎస్‌టిఆర్, బొమ్మ ఎండెక్ పద్ధతి, ధ్వని ఎక్స్‌ఎ-ఎడిపిసిఎం.
* సెగా డ్రీమ్‌కాస్ట్ (1998): ఎస్‌ఎఫ్‌డి, బొమ్మ ఎంపెగ్-1, ధ్వని ఎడిఎక్స్.
* సోనీ ప్లేస్టేషన్ 2 (2000): పిఎస్‌ఎస్, బొమ్మ ఎంపెగ్-2, ధ్వని ఎడిపిసిఎం లేదా పిసిఎం.
* నింటెండో గేమ్‌క్యూబ్ (2001): టిహెచ్‌పి; బొమ్మ జెపెగ్ ఫ్రేములు; ధ్వని ఎడిపిసిఎం.
* మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ (2001): ఎక్స్‌ఎంవి, బొమ్మ విండోస్ మీడియా వీడియో.
* పలు యంత్రాలు (1999 నుండి): బింక్.

ఫైళ్ళను గుర్తించే విధానం

ఫైలు పేరు చివరి అక్షరాలను బట్టి ఫార్మాటును నిర్ణయించడం సరికాదు. శాటర్న్ ఫిల్మ్ ఫైళ్ళకు సిపికె అనే పొడిగింపు ఉంటుంది. సిఆర్‌ఐ సంస్థ వారి ఫైళ్ళ మూట వంటి వేరొక ఫార్మాటుకూ అదే పొడిగింపు. ఎస్‌టిఆర్ అనే పొడిగింపును ప్లేస్టేషన్‌తో సంబంధం లేని 3డిఒ ఫైళ్ళకు కూడా వాడారు. ఫైలులోని మొదటి బైట్లను పరిశీలించడమే సరైన మార్గం. ఫిల్మ్, బింక్, టిహెచ్‌పి ఫైళ్ళు తమ తమ పేర్లను సూచించే రోమన్ అక్షరాలతో ఆరంభమవుతాయి. ప్లేస్టేషన్ ఎస్‌టిఆర్‌లో ఫైలు మొత్తానికి ఒక శీర్షిక లేదు. ప్రతి బొమ్మ సెక్టారూ హెక్సాడెసిమల్ పద్ధతిలో 60 01 01 80 అనే నాలుగు బైట్లతో మొదలై, తాను ఎన్నవ ఫ్రేములోని ఎన్నవ ముక్కో తెలుపుతుంది.

పరిరక్షణ

ఈ వీడియోల వెనుక నటీనటులు, చిత్రకారులు, సంగీతకారుల శ్రమ ఉన్నది. అసలు టేపులు, కంప్యూటరులో గీసిన మూలచిత్రాలు నిలిచి ఉన్నచోట చిక్కు లేదు. అవి పోయినచోట డిస్కులోని కుదించిన ఫైలే ఆ కృతికి మిగిలిన ఏకైక ప్రతి. డిస్కులు కాలక్రమాన శిథిలమవుతాయి, వాటిని చదివే యంత్రాలు మరమ్మతుకు అందవు. అందుచేత ఈ ఫార్మాట్ల పరిజ్ఞానం తాళపత్రాలకు లిపి పరిజ్ఞానం వంటిది. పత్రం మిగిలినా లిపి మరచిపోతే విషయం దక్కదు.

నకలు తీసేటప్పుడు జరిగే ఒక సామాన్యమైన పొరపాటు ఎస్‌టిఆర్ విషయంలో తీరని నష్టం కలిగిస్తుంది. ప్లేస్టేషన్ సిడిని కంప్యూటరులో పెట్టి ఫైలును మామూలుగా కాపీ చేస్తే, కంప్యూటరు ప్రతి సెక్టారు నుండి 2,048 బైట్లనే తీసుకొంటుంది. ధ్వని సెక్టార్లలోని మిగిలిన 276 బైట్లు, ఏ సెక్టారు ఏ రకమో తెలిపే ఉపశీర్షిక కూడా పోతాయి. కొన్నిసార్లు కాపీ మధ్యలోనే తప్పు చూపి ఆగిపోతుంది. పోయిన బైట్లను ఆ కాపీ నుండి తిరిగి రాబట్టడం అసాధ్యం. కనుక డిస్కును సెక్టారుకు 2,352 బైట్ల చొప్పున యథాతథంగా, ముడి ప్రతిగా తీసుకొనవలెను.

ముడి ప్రతి నుండి ఫైలును, ఫైలు నుండి చూడదగిన ఆధునిక ప్రతిని తయారుచేయవచ్చును. ఆధునిక ప్రతి సిద్ధమైనదని ముడి ప్రతిని పారవేయరాదు. మరొకసారి కుదించినప్పుడు బొమ్మ కొంత చెడుతుంది. అంతేగాక విప్పే సాఫ్ట్‌వేరు అసలు యంత్రం చేసిన లెక్కలను, రంగుల మార్పిడిని తు.చ. తప్పక అనుసరించకపోతే రంగులలో తేడా వస్తుంది. ముడి ప్రతి ఉంటే మెరుగైన సాఫ్ట్‌వేరు వచ్చిన నాడు మళ్ళీ మొదటి నుండి విప్పుకోవచ్చును.

ప్రచురితం కాని ఈ ఫార్మాట్లను అనేకమంది ఔత్సాహికులు ఫైళ్ళను బైటు బైటుగా పరిశీలించి, గ్రహించిన వివరాలను అందరికీ అందుబాటులో ఉంచారు. 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ ఆరంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులో సినెప్యాక్, ఫిల్మ్, ఎస్‌టిఆర్, టిహెచ్‌పి, స్మాకర్, బింక్, రోక్, ఎడిఎక్స్, ఎక్స్‌ఎంవి మొదలైనవాటిని చదివే భాగాలు చేరినవి. ప్లేస్టేషన్ ఫైళ్ళకు ప్రత్యేకించి జెపిఎస్‌ఎక్స్‌డెక్ అనే సాధనం ఉచితంగా లభిస్తున్నది. అసలు యంత్రాన్ని కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటర్లు ఎండెక్, ఐపియు వంటి విభాగాల ప్రవర్తనను కూడా అనుకరిస్తాయి.

ఇవి కూడా చూడండి

* వీడియో గేమ్
* కాంపాక్ట్ డిస్క్
* వీడియో సిడి
* ఎంపెగ్
* జెపెగ్
* దత్తాంశ సంపీడనం
* ఎమ్యులేటరు